తప్పులు పట్టడం నేర్పిన పంతులమ్మ

బీటెక్, ఎంసీఏ చదివే పిల్లలకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. ఎండలో నిలబడి పనిచేసి ఫీజులు పంపే మనకు ఆ పేరు కొత్త కావచ్చు. పని మాత్రం కొత్త కాదు. కాంక్రీటు పోసిన రోజే క్యూబులు నింపి పెడతాం. 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని మిషన్‌లో పెట్టి నొక్కి పగలగొడతాం. ఎంత బరువుకు పగిలిందో రాసుకుంటాం. బిల్డింగుకు అది టెస్టింగ్. ప్రోగ్రాముకు చేసే అలాంటి పనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.

తేడా ఒకటుంది. మనం క్యూబును చేత్తో ఎత్తుతాం, పగలడం కళ్లారా చూస్తాం. కాలేజీల్లో మాత్రం చాలాచోట్ల ఈ పాఠమంతా నిర్వచనాలే. టెస్టింగులు ఇన్ని రకాలు, దశలు ఇన్ని అని బట్టీపట్టి, పరీక్షలో రాసేసి, మర్నాటికి మరిచిపోతారు. ఫోన్లో అడిగితే బోరు సబ్జెక్టు అంటారు. నెలనెలా మన జీతంలోంచి పోయే డబ్బు ఈ బట్టీకేనా అని మనకు గుబులు.

ఈ పాఠాన్ని ఆసక్తిగా చెప్పడం సాధ్యమేనా? సాధ్యమేనని బతుకంతా చేసి చూపించిన పంతులమ్మ ఒకరున్నారు. పేరు గ్రేస్ హోపర్. లెక్కల లెక్చరర్‌గా మొదలై అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ దాకా ఎదిగారు. ఆమె పోయి 30 ఏళ్లు దాటింది. అయినా కంప్యూటర్ చదువులు చెప్పేవాళ్లు, చదివేవాళ్లు ఆమె కథ తెలుసుకోవాల్సిందే.

ఏడు గడియారాలు

గ్రేస్ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి ఇన్సూరెన్స్ బ్రోకర్. తల్లికి లెక్కలంటే ప్రాణం. వేసవి సెలవులకు ఆ కుటుంబం న్యూ హాంప్‌షైర్‌లో చెరువు పక్కనున్న ఇంటికి వెళ్లేది. అక్కడ ఒక్కో పడకగదిలో ఒక్కో అలారం గడియారం ఉండేది. ఏడేళ్ల గ్రేస్‌కు అది ఎలా మోగుతుందో చూడాలనిపించింది. ఒకటి విప్పింది. తిరిగి బిగించడం రాలేదు. దాన్ని చూసి బిగిద్దామని రెండోది విప్పింది. అట్లా మొత్తం ఏడూ విప్పేసింది!

ఇంకో ఇంట్లో అయితే వీపు చిట్లేది. ఆ తల్లి మాత్రం ఇకనుంచి ఒక్క గడియారమే విప్పుకోమని హద్దు పెట్టి ఊరుకుంది. విప్పడమే తప్పని అనలేదు. పరీక్షించే బుద్ధికి మొదటి పాఠం అక్కడే పడింది. తండ్రికి అనారోగ్యంతో కాళ్లు తీసేయాల్సి వచ్చింది. కొడుకుతో సమానంగా కూతుళ్లూ చదువుకుని సొంత కాళ్ల మీద నిలబడాలని ఆయన పట్టుబట్టాడు.

వాసర్ కాలేజీలో సీటు కోసం వెళ్తే లాటిన్‌లో మార్కులు చాలక తొలిసారి చుక్కెదురైంది. మరుసటేడు మళ్లీ రాసి చేరింది. 1928లో లెక్కలు, భౌతికశాస్త్రంతో డిగ్రీ, 1930లో యేల్ యూనివర్సిటీలో ఎంఏ, 1934లో అక్కడే లెక్కల్లో డాక్టరేట్. ఆ రోజుల్లో ఆడవాళ్లకు లెక్కల్లో డాక్టరేట్ అంటే అరుదైన సంగతే.

లెక్కల క్లాసులో వ్యాసాలు

1931లో తను చదివిన వాసర్ కాలేజీలోనే పంతులమ్మగా చేరారు. జీతం ఏడాదికి 800 డాలర్లు. కొత్తగా చేరినవాళ్లకు ఎవరూ ఇష్టపడని పాఠాలు అప్పజెప్పడం ఎక్కడైనా ఉన్నదే. ఆమెకూ అవే వచ్చాయి. పాత పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు చదివేయకుండా ఆమె పాఠాన్నే మార్చేశారు. అవకాశాల లెక్కలు చెప్పాలంటే పాచికలు, పేకముక్కలు తెచ్చేవారు. వేరే సబ్జెక్టుల క్లాసుల్లో తనూ కూర్చుని విని, అక్కడ లెక్కలు ఎట్లా పనికొస్తాయో తెలుసుకుని, వాటినే తన క్లాసులో ఉదాహరణలుగా వాడుకునేవారు.

అన్నిటికన్నా పిల్లలను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఒక సూత్రం చెప్పాక దాని మీద వ్యాసం రాయమనేవారు. రాసింది దిద్ది, బాగా లేకపోతే మళ్లీ రాయమనేవారు. ఇది లెక్కల క్లాసు కదా, భాష క్లాసు కాదు కదా అని పిల్లలు గొణిగారు. నేర్చుకున్న లెక్క ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది ఎందుకూ కొరగాదని ఆమె వాదన.

టెస్టింగ్ చేసేవాడికి ఇది ఎంత ముఖ్యమో మన సైట్లలో పనిచేసే వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. ఎన్‌సీఆర్ రాసేటప్పుడు గోడ బాగాలేదు అని రాస్తే ఏం లాభం? ఏ ఫ్లోరు, ఏ గ్రిడ్డు, ఎన్ని మిల్లీమీటర్లు వాలింది, ఎప్పుడు కొలిచారు.. ఇవన్నీ రాస్తేనే పని. తప్పు కనిపెట్టడం సగం పనైతే, అవతలివాడికి అర్థమయ్యేలా రాయడం మిగతా సగం.

యుద్ధంలోకి లెక్కల టీచర్

రెండో ప్రపంచ యుద్ధం ఆమె దారి మార్చేసింది. నౌకాదళంలో చేరతానని ముందుకొచ్చారు. వయసేమో ఎక్కువ, బరువేమో తక్కువ. ఉండాల్సిన దానికన్నా సుమారు 7 కిలోలు తక్కువున్నారు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో, 37 ఏళ్ల వయసులో చేరారు. శిక్షణలో తన బ్యాచికి ఫస్టు వచ్చారు.

1944 జులైలో ఆమెను హార్వర్డ్ యూనివర్సిటీకి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ అనే ఆఫీసరు కింద మార్క్-1 అనే కంప్యూటరు పనిచేస్తోంది. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. సెకనుకు 3 కూడికలు చేసేది. ఇప్పుడు మన చేతిలోని ఫోనుతో పోలిస్తే నవ్వొస్తుంది గానీ అప్పటికి అది అద్భుతం. ఆమె అంతవరకు కంప్యూటరు మొహం చూసి ఎరగరు. అయినా ఐకెన్ ఒక్క వారం గడువిచ్చి మొదటి లెక్క చేతిలో పెట్టాడు.

ఆ మిషన్ గురించి నేర్పే పుస్తకం లేదు. ఆ పుస్తకం రాసే పనీ ఆమెకే పడింది. 561 పేజీల మాన్యువల్ 1946లో అచ్చయింది. లెక్క పూర్తయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్యలో సరిచూసుకోవడం ఆ మిషన్ మీద పనిచేసేవాళ్లకు అలవాటు. తేడా హద్దు దాటితే మిషన్ ఆగిపోయేలా ఏర్పాటు ఉండేది. స్లాబు అంతా పోశాక లెవెల్ చూస్తే లాభమేముంది? సెంట్రింగ్ కొట్టినప్పుడు ఒకసారి, కమ్మీ కట్టాక ఒకసారి చూసుకోవాలి. ఇదీ అంతే.

రిలేలో చచ్చిన పురుగు

1947 సెప్టెంబర్ 9. హార్వర్డ్‌లో మార్క్-2 అనే తర్వాతి మిషన్‌ను పరీక్షిస్తున్నారు. మధ్యాహ్నం పూట మిషన్ మొరాయించింది. వెతికితే ఎఫ్ ప్యానెల్‌లో 70వ నంబరు రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుని చచ్చిపోయి ఉంది. దాన్ని బయటికి తీసి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, టైము వేసి, నిజమైన పురుగే దొరికిందని సరదాగా రాశారు.

ఇంగ్లీషులో బగ్ అంటే పురుగు. మిషన్‌లో లోపాన్ని బగ్ అనడం అంతకు ముందు నుంచే ఉంది. 1870ల్లోనే ఎడిసన్ ఆ మాట వాడాడు. ఆ పురుగును పట్టింది హోపర్ కాదు, తోటి ఉద్యోగులు. కానీ ఆ కథను ఊరూరా చెప్పి ప్రపంచమంతా తెలిసేలా చేసింది ఆమే. ఆ పేజీ ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఎందుకు అన్నిసార్లు చెప్పారు? వినేవాళ్లు నవ్వుతారని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ ఒక్క పేజీలో టెస్టింగ్ పాఠమంతా ఉంది. ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, కారణం ఏమిటి, సాక్ష్యం ఏది. సాక్ష్యం టేపుతో అంటించే ఉంది! లోపం అంటే గాలిలో ఉండేది కాదు, దానికి ఒక చోటుంటుంది, వెతికితే దొరుకుతుంది అన్న నమ్మకం ఆ కథ విన్న పిల్లలకు కలుగుతుంది. నాలుగు పేజీల నిర్వచనం చేయలేని పని ఆ చచ్చిన పురుగు చేసింది.

త్రికోణం 4 అయింది

1949లో ఆమె హార్వర్డ్ వదిలి ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరారు. అప్పటికి పెళ్లి విడిపోయి నాలుగేళ్లు. ఒంటరితనం, పని ఒత్తిడి కలిసి తాగుడు అలవాటైంది. ఒక దశలో అది ఆమెను బాగా కిందికి లాగింది కూడా. స్నేహితులు గట్టిగా చెప్పి, పక్కన నిలబడి బయట పడేశారు. క్యాంపుల్లో బతికే మనకు ఈ సంగతి వేరే విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

అక్కడే ఆమె కంటికి ఒక విషయం పడింది. ఒకసారి బాగా పనిచేసిన ప్రోగ్రాము ముక్కను అందరూ నోటు పుస్తకంలోంచి చేత్తో ఎక్కించుకునేవారు. ఎక్కించేటప్పుడు తప్పులు! ఖాళీ జాగాకు త్రికోణం గుర్తు వాడేవారు. 4 అంకె కాస్తా త్రికోణంగా మారిపోయేది. బి అక్షరం 13 అయ్యేది. మనుషులు నకలు రాయడంలో తప్పులు చేస్తారు, మిషన్ చేయదు. అయితే నకలు రాసే పని మిషన్‌కే ఇస్తే పోలా? అలా 1952 నాటికి ఏ-0 అనే కంపైలర్ తయారైంది. దాని మీద ఆమె సమర్పించిన వ్యాసానికి పెట్టిన పేరు చూడండి.. కంప్యూటరుకు చదువు చెప్పడం అని అర్థం వచ్చే పేరు. మిషన్‌కు కూడా ఆమె పంతులమ్మే!

ఇంకో కథ తన మీద తనే చెప్పుకునేవారు. ఆ కంపెనీలో బైనాక్ అనే మిషన్ కోసం 8 మూలంగా ఉండే లెక్క వాడాల్సి వచ్చింది. అందులో 8, 9 అంకెలుండవు, 7 తర్వాత నేరుగా 10. ఆ లెక్క ఆమెకు ఎంత ఒంటబట్టిందంటే, తన బ్యాంకు పుస్తకం లెక్క ఎన్ని నెలలైనా కుదరలేదు. చివరికి బ్యాంకు పనులు తెలిసిన తమ్ముడు చూసి చెప్పాడు. అక్కడక్కడ ఆమె మామూలు లెక్కలో కాకుండా మిషన్ లెక్కలో తీసివేతలు చేశారట! ఎవరి తప్పు వాళ్లకు కనపడదు, ఇంకో కన్ను కావాలి. సైటుకు థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ ఎందుకు పెడతారో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాసేవాడు, పరీక్షించేవాడు వేరువేరుగా ఎందుకుంటారో ఈ ఒక్క కథ చెబుతుంది.

ఒకే ప్రోగ్రాము, రెండు మిషన్లు

మామూలు ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాము రాయొచ్చని ఆమె అన్నప్పుడు పైవాళ్లు నమ్మలేదు. మాటలు ఏ భాషలోవైనా మిషన్‌కు ఒకటేనని చూపించడానికి ఫ్రెంచి, జర్మన్ మాటలతో కూడా అదే ప్రోగ్రామును నడిపించారు. మేనేజ్‌మెంటు మెచ్చుకోవడానికి బదులు గాభరా పడింది. అమెరికాలో చేసిన మిషన్‌కు ఫ్రెంచి ఎట్లా వస్తుందని వాళ్ల అనుమానం. అయినా ఆమె వదల్లేదు. ఆ దారిలో వచ్చిన ఫ్లో-మ్యాటిక్ భాషే కోబాల్‌కు పునాది. 1959లో ప్రభుత్వం, కంపెనీలు కలిసి కోబాల్ రూపకల్పన మొదలుపెట్టినప్పుడు ఆమె సలహాదారుగా ఉన్నారు. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్‌సీఏ, యూనివాక్ అనే వేరువేరు కంపెనీల మిషన్ల మీద నడిపి చూపించారు. రెండింటి మీదా నడిచింది.

1966 చివర్లో 60 ఏళ్ల వయసులో నౌకాదళం ఆమెను రిటైర్ చేసింది. ఏడు నెలలు తిరిగేసరికి, 1967 ఆగస్టులో, ఆరు నెలల పని ఉంది రమ్మని మళ్లీ పిలిచింది. ఆ ఆరు నెలలు 19 ఏళ్లయ్యాయి!

పిలిచింది ఎందుకంటే, కోబాల్ అని పేరే గానీ ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగా తయారైంది. ఆమె నడిపిన బృందం పరీక్ష ప్రోగ్రాములు రాసింది. ఒక్కో పరీక్ష ఒక్కో చిన్న పని చేయిస్తుంది. రావాల్సిన జవాబు ఇది, వచ్చిన జవాబు ఇది అని పోల్చి చూసి పాసో ఫెయిలో తేలుస్తుంది. అమ్మేవాడి మాట నమ్మనక్కర్లేదు, పరీక్షే చెబుతుంది. ఆ దారిలో పెరిగిన పరీక్షల కట్టను తర్వాత అమెరికా ప్రమాణాల సంస్థ కొనసాగించింది. జీఎన్‌యూ కోబాల్ అనే ఉచిత కంపైలర్ తయారుచేసేవాళ్లు ఇప్పటికీ ఆ పరీక్షలు నడుపుతూనే ఉన్నారు.

కోబాల్ కూడా పోలేదు. చాలా బ్యాంకుల పెద్ద కంప్యూటర్లలో ఇప్పటికీ నడుస్తోంది. 2020లో కరోనా సమయంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడితే, కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని న్యూజెర్సీ గవర్నరే అడగాల్సి వచ్చింది.

చేతిలో మూరెడు కాని తీగ

పేరు, హోదా పెరిగినా ఆమె క్లాసు మానలేదు. 1970ల్లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆ ఉపన్యాసాల్లో అందరికీ గుర్తుండిపోయింది ఒక తీగముక్క.

నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. అది ఎంతో ఎవరికి అర్థమవుతుంది? ఆమె 30 సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవుతో తీగలు కత్తిరించి వచ్చినవాళ్లందరికీ పంచేవారు. ఒక నానోసెకనులో కరెంటు సంకేతం ఎంత వేగంగా పోయినా దాటలేని దూరం అదే. మైక్రోసెకను కావాలా అంటూ సుమారు 300 మీటర్ల తీగ చుట్ట చూపించేవారు. నౌకాదళం పెద్ద అధికారులు ఉపగ్రహం ద్వారా సందేశానికి ఇంత ఆలస్యమెందుకని అడిగినా జవాబు ఆ తీగే. ఆఫీసులో ఆమె గడియారం వెనక్కి తిరిగేది. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడి, కాసేపటికి అలా కూడా టైము చూడొచ్చని తెలుసుకునేవారు. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం కాబట్టి ఇలాగే చేయాలన్న మాటంటే ఆమెకు గిట్టేది కాదు.

1973లో కెప్టెన్, 1983లో కమొడోర్, 1985లో రియర్ అడ్మిరల్ అయ్యారు. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద రిటైర్ అయ్యారు. అప్పటికి వయసు 79. అప్పట్లో డ్యూటీలో ఉన్న అధికారుల్లో అందరికన్నా పెద్దామె. ఆ తర్వాతా ఇంట్లో కూర్చోలేదు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో సలహాదారుగా చేరారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. తర్వాత ఒక యుద్ధనౌకకు ఆమె పేరు పెట్టారు. 2016లో దేశాధ్యక్షుడి స్వేచ్ఛా పతకం మరణానంతరం దక్కింది. 2017లో యేల్ యూనివర్సిటీలో ఒక కాలేజీకి ఆమె పేరే పెట్టారు. ఇన్ని గౌరవాలున్నా, తను చేసిన పనుల్లో పెద్దది ఏమిటంటే పిల్లలకు నేర్పడమేనని ఆమె లెక్క.

మన పిల్లల క్లాసుకు ఏం పనికొస్తుంది?

ఆమె జీవితంలోంచి మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. పరీక్షించడం బట్టీపడితే రాదు. చేతికి ఒక వస్తువు ఇవ్వాలి, విప్పి చూసే స్వేచ్ఛ ఇవ్వాలి, దొరికింది రాయమనాలి.

మన ఓటీ షీటునే తీసుకుందాం. 8 గంటలు దాటితే ఓటీ అని ఒక చిన్న ప్రోగ్రాము రాసి, లెక్చరరు అందులో కావాలనే నాలుగు తప్పులు దాచిపెట్టి క్లాసుకు ఇచ్చారనుకోండి. పిల్లలు వెతకాలి. సరిగ్గా 8 గంటలు చేస్తే ఏం చూపిస్తుంది? 8 గంటల 1 నిమిషం అయితే? రాత్రి 8కి ఎక్కి తెల్లవారి 5కి దిగితే 9 గంటలు చూపిస్తుందా, 5లోంచి 20 తీసేసి మైనస్ 15 చూపిస్తుందా? పంచింగ్ మరిచిపోయినవాడి సంగతి ఏమిటి? హద్దు దగ్గరే తప్పులు ఎక్కువగా దాక్కుంటాయని పుస్తకం చెబుతుంది. ఇట్లా వెతికిన పిల్లాడికి అది జన్మలో మరుపుకు రాదు. ఎందుకంటే ఆ తప్పు వెనక ఒక మనిషి జీతం ఉందని వాడికి తెలుస్తుంది. అది వాడి నాన్న జీతమే కావచ్చు.

దొరికిన ప్రతి తప్పుకూ ఆ లాగ్ పుస్తకం పేజీలాగా టైము, చోటు, కారణం, సాక్ష్యం రాయించాలి. ఒకరు రాసిన ప్రోగ్రాము ఇంకొకరికి ఇచ్చి పరీక్షించమనాలి. ఎక్కువ తప్పులు పట్టిన జట్టుకు చప్పట్లు కొట్టించాలి. దీనికి ఖరీదైన ల్యాబులు అక్కర్లేదు. తీగముక్కకు ఎంత ఖర్చవుతుంది?

కాలేజీ మారేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు ఎన్ని అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడుగుదాం. ఈ వారం ఏం తప్పు కనిపెట్టావు, ఎక్కడ దొరికింది, ఎట్లా దొరికింది అని. మన టైమ్‌షీటు ఫొటో పంపి, దీని లెక్క చేసే ప్రోగ్రాము ఎక్కడెక్కడ తప్పొచ్చో ఆలోచించమందాం. చదువుకున్న పిల్లలు మనకు చెప్పాలి, మనం వినాలి. అప్పుడు వాళ్లకు అది పరీక్ష కోసం చదివే పాఠం కాదు, నాన్నకు పనికొచ్చే పాఠం.